మంద కుక్కను వెళ్లగొడితే జబ్బు పోతుందా?

ప్రశ్న: పొట్టేలు కార్జంలో నీళ్ల తిత్తి కనిపించింది. అప్పటికే సగం కూర తినేశాం. హైడాటిడ్ జబ్బు వస్తుందా?
– ఓ గృహిణి, వనపర్తి

జవాబు: రాదు. హైడాటిడ్ బద్దె పురుగు వల్ల వచ్చే జబ్బు. తిత్తి తింటే ఆ పురుగు పడేది కుక్కకు. మనకు జబ్బు వచ్చేది కుక్క పెంటలోని గుడ్లు నోట్లోకి పోతేనే. పచ్చి ముక్క మిగిలి ఉంటే పూడ్చేయండి. కుక్కకు వేయకండి.

ప్రశ్న: మా నాన్న గొర్రెలు కాస్తాడు. కడుపునొప్పికి స్కాన్ తీస్తే కాలేయంలో 7 సెంటీమీటర్ల హైడాటిడ్ తిత్తి ఉందన్నారు. ఫోన్‌లో చూస్తే పగిలితే ప్రాణాపాయమనీ, క్యాన్సర్ అనీ ఏవేవో వచ్చాయి. నెల నుంచి షాపులో ఆల్బెండజోల్ తెచ్చి వేస్తున్నాం. సూదితో నీళ్లు లాగేస్తే సరిపోదా? మంద కుక్కను నిన్ననే పక్క ఊళ్లో వదిలేశాం.
– ఓ పాఠకుడు, కళ్యాణదుర్గం

జవాబు: మీరడిగింది సూది గురించి. నా చూపు మాత్రం మీరు చివర్లో చెప్పిన కుక్క దగ్గరే ఆగిపోయింది.

ఈ తిత్తి ఇంత కావడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. నాన్నగారికి గుడ్లు అంటించిన కుక్క ఎప్పుడో చచ్చిపోయి ఉండొచ్చు. పోనీ, ఈ కుక్కలోనే పురుగు ఉందనుకుందాం. పెట్టిందెవరు? చచ్చిన గొర్రెను కోసి, బుడగలున్న కార్జం, ఊపిరితిత్తులు దాని ముందుకు విసిరేది మనమే. అర సెంటీమీటరు ఉండే బద్దె పురుగులు దాని పేగుల్లో వేలకొద్దీ చేరినా అది హుషారుగానే తిరుగుతుంది. పెంటతో గుడ్లు గడ్డి మీద పడతాయి, గొర్రె మేస్తుంది. కుక్కను నిమిరిన చేత్తోనే కాపరి సద్దిమూట విప్పుతాడు. ఇప్పుడు దాన్ని ఇంకో మందకు అంటగట్టి వచ్చారు. వెళ్లి తెచ్చుకోండి. పశువైద్యుడితో ప్రాజిక్వాంటెల్ వేయించండి. ఆ మందు పురుగును చంపుతుంది కానీ గుడ్లను చంపదు. రెండు మూడు రోజులు కట్టేసి ఉంచి, పెంటను లోతుగా పూడ్చండి.

ఐస్లాండ్ ఒకప్పుడు ఈ జబ్బుతో అల్లాడింది. 1864లో హరాల్డ్ క్రాబే అనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఈ జబ్బు గురించి రాసిన చిన్న పుస్తకాన్ని అక్కడి జనానికి పంచారు. కుక్కలకు తిత్తులున్న మాంసం అందనివ్వకపోవడమే అక్కడ అసలు మందయింది.

ఇక మీ షాపు వైద్యం. బడిలో పిల్లలకిచ్చే నులిపురుగుల మాత్ర ఇదే కదా అని ధైర్యం కాబోలు. పిల్లలకు ఒక్క మాత్రతో సరి. తిత్తికైతే నెలల తరబడి రోజూ రెండు పూటలా వేసుకోవాలి, అదీ కొవ్వున్న తిండితో. మధ్యమధ్యలో కాలేయ పరీక్ష, తెల్లకణాల పరీక్ష చేయించాలి. అవి షాపతను చూస్తాడా?

సూది మంచి చికిత్సే, ఎక్కడపడితే అక్కడ చేయించేది మాత్రం కాదు. ముందు మాత్రలు మొదలుపెట్టి, స్కాన్‌లో చూస్తూ నీరు లాగి, లోపలి పురుగును చంపే ద్రావణం నింపి, మళ్లీ లాగుతారు. తిత్తి నీరు లోపల ఒలికితే ఒంటికి పడక బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. కొత్త తిత్తులూ మొలవొచ్చు. కొన్నింటికి ఆపరేషనే మేలు. సున్నం పట్టి గట్టిపడినవాటిని కదిలించకుండా స్కాన్‌తో కనిపెట్టి ఉంటే చాలు. నాన్నగారిది ఏ దశో తేల్చాల్సింది కాలేయ శస్త్రచికిత్స చేసే డాక్టరు. ఫోన్ ఇంట్లో పెట్టి నాన్నగారిని ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇది క్యాన్సర్ కాదు.

ప్రశ్న: ఐదో నెల గర్భిణిని. మా పొమేరియన్ బయటికి పోదు, ప్యాకెట్ తిండే తింటుంది. హైడాటిడ్ వస్తుందని అత్తయ్య దాన్ని ఇచ్చేయమంటున్నారు.
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పచ్చి కార్జం ఎరగని కుక్కకు ఆ పురుగు ఎక్కడిదమ్మా? డాక్టరు చెప్పినట్టు నట్టల మందు వేయించండి, అన్నం ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. అత్తయ్యగారికి ఈ పేజీ మీరు చూపించొద్దు, మీవారిని చూపించమనండి.