పోటీకి ఫోటోలన్నీ ఒకేసారి ఎక్కించే పేజీ: ఎలా తయారుచేయాలి?

ఫోటో పోటీ పెట్టేవాళ్లు బహుమతుల గురించి, న్యాయనిర్ణేతల గురించి బాగానే ఆలోచిస్తారు. ఫోటోలు ఎక్కించే పేజీని మాత్రం చివర్లో చూసుకుందాంలే అని వదిలేస్తారు. రామప్ప గుడి దగ్గర పొద్దుటి వెలుగు కోసం కాచుకుని ముప్పై ఫోటోలు తీసిన మనిషి, అదే గుడి పేరు, అదే ఊరు, అదే తేదీ ముప్పైసార్లు కొట్టాలంటే ఓ నాలుగు పెట్టి ఊరుకుంటాడు. మిగతావి పోటీ దాకా రానే రావు. తెలిసిన సంగతిని రెండోసారి అడగకూడదు. పేజీ మొత్తానికి ఇదే పునాది.

ముందు ఫోటోలు ఎంచుకోమనండి, ఫారం తర్వాత. ఎంచుకోగానే అప్‌లోడ్ మొదలైపోవాలి. అది సాగుతుండగానే మనిషి వివరాలు రాసుకుంటాడు.

ఆ వివరాల్లో చాలావరకు ఫోటో ఫైల్లోనే ఉంటాయి. ఎగ్జిఫ్ అనే సమాచారంలో తీసిన తేదీ, సమయం, కెమెరా పేరు, లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు కూడా దొరుకుతాయి. వాటిని పేజీయే నింపి, దిద్దుకునే వీలు ఇవ్వాలి, కెమెరా గడియారం తప్పుగా ఉండొచ్చు కాబట్టి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో ఈ సమాచారం పోతుంది, నాణ్యతా తగ్గుతుంది. అసలు ఫైలే పెట్టమని పేజీ పైనే రాయండి.

తర్వాత ఉమ్మడి వివరాలు. 2010లో నెదర్లాండ్స్‌లో మొదలై 2012లో మన దేశానికీ వచ్చిన వికీ లవ్స్ మాన్యుమెంట్స్ అనే కట్టడాల ఫోటో పోటీని ఇక్కడ గమనించాలి. కట్టడాల జాబితాలో ఒక కట్టడం పక్కనున్న లింకు నొక్కితే, దాని గుర్తింపు సంఖ్య అప్పటికే నిండి ఉన్న అప్‌లోడ్ పేజీ తెరుచుకునే ఏర్పాటు అందులో ఉంది. మొదటి ఫోటోకి రాసిన వివరాలను మిగతావాటికీ ఒక్క నొక్కుతో కాపీ చేసుకోవచ్చు. మీరూ అలాగే చేయండి. గుడి పేరు, ఊరు, జిల్లా ఒక్కసారే. నంది, మదనిక, గోపురం అంటూ దేనికది మారే చిన్న వ్యాఖ్య మాత్రం ప్రతి బొమ్మ కిందా రాసుకునేలా ఉండాలి.

అసలు కష్టం నెట్‌వర్క్‌తోనే. పెద్ద ఫైలును ముక్కలుగా పంపే పద్ధతి వాడితే సిగ్నల్ పోయి తిరిగొచ్చాక ఆగినచోటినుంచే సాగుతుంది. ఇందుకు టస్ అనే ఉచిత ప్రోటోకాల్ ఉంది. ఒక్క ఫోటో ఆగిపోతే మిగతావన్నీ ఆగకూడదు. ప్రతి బొమ్మ మీదా చేరింది, వెళ్తోంది, ఆగింది అని విడిగా కనబడాలి. ఫైలు పరిమితి దాటితే సర్వర్ 413 అంటుంది. ఆ అంకె చూసి ఎవరికేం తెలుస్తుంది? “ఈ ఫోటో 31 ఎంబీ ఉంది, 25 ఎంబీ లోపు పెట్టండి” అని తెలుగులో చెప్పండి. వీలైతే పంపకముందే ఫోన్‌లోనే సైజు చూసి చెప్పండి, డేటా ఖర్చు కాకుండా.

ఐఫోన్లు 2017 నుంచి హెచ్‌ఈఐసీ రకంలో ఫోటోలు దాస్తున్నాయి. వాటిని తిప్పికొట్టకుండా తీసుకుని, సర్వర్‌లోనే జేపీఈజీగా మార్చండి. ఒకే ఫైలు రెండుసార్లు వస్తే, ఫైలుకు వేలిముద్రలాంటి హ్యాష్‌ను సరిచూసి, “ఇది ఇదివరకే చేరింది” అనండి.

లైసెన్సు ఒక్కసారి, మాటల్లో అడగండి. క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్‌ఏ అయితే: “మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. మార్చి పంచితే ఇదే షరతు మీద పంచాలి.” టిక్కు ముందే పెట్టి ఉంచడం అన్యాయం. హక్కులు ఇచ్చేది ఫోటో తీసిన మనిషి, వేలు కదపాల్సిందీ అతనే.

పేజీ తయారయ్యాక తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్‌తో, మొబైల్ డేటా మీద, కొత్తవాళ్ల చేత ఎక్కించి చూడండి. పక్కన కూర్చోండి, చెప్పకండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో అక్కడ పేజీని మార్చాలి.

గడువు రాత్రి అందరూ ఒక్కసారే వచ్చిపడతారు. గడువులోగా మొదలైన అప్‌లోడ్‌ను పూర్తికానివ్వండి. వ్యాఖ్యలు రాయడానికి మర్నాటి దాకా సమయమివ్వండి. చేరిన ఫోటోల జాబితాను, చిన్నబొమ్మలతో సహా, ఎక్కించినవాళ్లకు ఈమెయిల్‌లో పంపండి.