కొండంత దృశ్యం – చిన్న కెమెరా: పనోరమా ఫోటో తీసే విధానం

హిందూపురం నుంచి ధర్మవరం పోయే రైల్లో పెనుకొండ రాగానే కిటికీ దగ్గరికి జరగని పిల్లవాడు మన హాస్టల్లో ఉండడు. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు అది. ఆ కొండ, కోటగోడలు ఒక్క చూపులో పట్టవు. తల తిప్పుతూ చూడాలి. కెమెరాకు తల తిప్పడం రాదు కాబట్టి దాన్ని మనమే తిప్పాలి. అలా తిప్పుతూ వరుసగా తీసిన ఫోటోలను అతికి ఒకే పొడుగాటి చిత్రంగా చేస్తే దాన్ని పనోరమా అంటారు. ఆ పద్ధతిని మేము నేర్చుకున్న వరుసలోనే, మా తప్పులతో సహా తమ్ముళ్లకు చెప్పాలని ఈ వ్యాసం.

మేమంటే ఈ హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు పీజీ చేస్తున్న నలుగురం. మా నాలుగు ఇళ్లలోనూ డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాళ్లం మేమే. వార్షికోత్సవానికి పెనుకొండ కొండమీది దృశ్యాన్ని హాలు గోడకు పెద్దదిగా పెట్టిస్తామని వార్డెన్ సార్‌కు మాటిచ్చాం. ఆ సంగతి ఆహ్వాన పత్రికలో కూడా అచ్చయింది. తలా నూటయాభై వేసుకొని ఒక రోజుకు కెమెరా అద్దెకు తెచ్చాం.

మొదటిసారి ఎందుకు చెడింది?

కొండెక్కేముందే కాగితం మీద లెక్క వేసుకున్నాం. మాకు దొరికింది చిన్న సెన్సర్ కెమెరా, అంటే ఏపీఎస్-సీ రకం. లెన్సును 35 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి కెమెరాను నిలువుగా పట్టుకుంటే ఒక ఫోటోలో అడ్డంగా సుమారు 24 డిగ్రీల మేర పడుతుంది. మాకు కావలసింది 180 డిగ్రీలు. 8 ఫోటోలు తీస్తే 192 డిగ్రీలు. ఇంకా 12 మిగులుతాయనుకొని సంతోషంగా 8 తీసి దిగివచ్చాం.

కంప్యూటర్‌లో వేస్తే ఒక్క అతుకూ కుదరలేదు. ఆకాశం ఒక ముక్కలో నీలంగా, పక్క ముక్కలో తెల్లగా ఉంది. దగ్గరున్న కోటగోడ మధ్యలో మెట్టు మాదిరి విరిగింది. కెమెరా అద్దె పోయింది. వార్షికోత్సవం ఇంకో పదిహేను రోజులే ఉంది.

ఆ ఆదివారం మాలో ఒకరి ఊరు ధర్మవరం వెళ్లాం. ఇంట్లో అమ్మ మగ్గం ముందు కూర్చొని పడుగు అతుకుతోంది. నేత తెలియని తమ్ముళ్లకు ఒక మాట: ఒక పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగు కొసను మెలిపెట్టి అతుకుతారు. ఇలా వేల పోగులు. మా ముఖాలు చూసి ఏమైందని అడిగింది. చెప్పాం. చేతిలో పని ఆపకుండానే, "కొస ఇడవకుండా ఎట్ల అతుకుతుంది నాయనా?" అంది.

మా లెక్కలోని తప్పు అదే. 8 ఫోటోల మధ్య 7 అతుకులు. 12 డిగ్రీలను 7 అతుకులకు పంచితే ఒక్కోదానికి రెండు డిగ్రీలు కూడా రావు. దృశ్యానికి సరిపడా తీశాం గానీ, అతుకుకు ఏమీ మిగల్చలేదు.

మొదటి సూత్రం: మూడో వంతు కొస విడవాలి

కంప్యూటర్ రెండు ఫోటోలను కలపాలంటే రెండింట్లోనూ ఉన్న ఒకే గుర్తులు దానికి దొరకాలి. ఒక బండ మూల, ఒక చెట్టు కొన, ఒక గోపురం. అందుకే ప్రతి ఫోటోలో మూడో వంతు భాగం పక్క ఫోటోలో మళ్లీ రావాలి. ఉత్త ఆకాశం, నీళ్లు ఎక్కువగా ఉన్నచోట సగం దాకా రానిచ్చినా నష్టం లేదు.

ఇప్పుడు మళ్లీ లెక్క చూడండి. 24 డిగ్రీల్లో మూడో వంతు 8. కాబట్టి ఒక్కో మలుపు 16 డిగ్రీలు. మొదటి ఫోటోతో 24 డిగ్రీలు వచ్చాయి. మిగిలిన 156ను 16తో భాగిస్తే పదికి కాస్త తక్కువ. అంటే మొత్తం 11 ఫోటోలు. అదే లెన్సును 18 మిల్లీమీటర్ల దగ్గర పెడితే ఒక్కో ఫోటోలో సుమారు 45 డిగ్రీలు పడుతుంది, 6 ఫోటోలు చాలు. కానీ దూరపు వస్తువులు చిన్నవైపోతాయి.

అడ్డంగా పొడుగాటి చిత్రానికి కెమెరాను నిలువుగా ఎందుకు పట్టాలి? అతికిన తర్వాత అంచులు ఎగుడుదిగుడుగా వస్తాయి. పైనా కిందా కత్తిరించక తప్పదు. నిలువుగా తీస్తే ఆ కత్తిరింపుకు చోటుంటుంది.

రెండో సూత్రం: నాలుగింటిని బిగించాలి

కెమెరాను ఆటోలో వదిలితే ప్రతి ఫోటోకూ అది కొత్తగా ఆలోచిస్తుంది. ఎండ వైపు తిప్పితే వెలుతురు తగ్గిస్తుంది, నీడ వైపు తిప్పితే పెంచుతుంది. మా ఆకాశం రంగులు మారింది ఇందుకే. కనుక మొదటి ఫోటోకు ముందే ఈ నాలుగింటినీ బిగించాలి.

1. వెలుతురు: మాన్యువల్‌లో పెట్టండి. దృశ్యమంతా ఒకసారి తిప్పి చూసి, అన్నింటికన్నా వెలుగుగా ఉన్న చోటు తెల్లబోకుండా చూసుకోండి. మంచి ఎండలో ఎఫ్ 8, సెకనులో 400వ వంతు, ఐఎస్ఓ 100 దగ్గర మొదలుపెట్టవచ్చు.
2. రంగు: వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి తీసి 'ఎండ' గుర్తు మీద పెట్టండి.
3. ఫోకస్: దూరపు వస్తువు మీద ఒకసారి కుదిర్చి, తర్వాత మాన్యువల్‌కు మార్చండి.
4. జూమ్: మధ్యలో ముట్టుకోవద్దు.

పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయండి. అది ఆకాశాన్ని ఒక దిక్కున ముదురుగా, ఇంకో దిక్కున లేతగా చూపిస్తుంది.

మూడో సూత్రం: ఇరుసు లెన్సులో ఉండాలి

ముఖానికి ఎదురుగా వేలు నిలబెట్టి ఒక కన్ను మూసి, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు జరిగినట్టు కనిపిస్తుంది, దూరపు చెట్టు జరగదు. దీన్నే పారలాక్స్ అంటారు. కోటగోడ విరగడానికి కారణం ఇదే.

కెమెరాను చేతుల్లో పట్టుకొని మనం తిరిగితే, అది మన ఒంటి చుట్టూ ఒక అడుగు దూరంలో తిరుగుతుంది. 16 డిగ్రీల మలుపుకు సుమారు 8 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. రెండు కిలోమీటర్ల అవతలి కొండకు 8 సెంటీమీటర్లు లెక్కలోకి రావు. మీటరు దూరంలోని గోడ రాయికి మాత్రం అది నాలుగున్నర డిగ్రీల తేడా.

దీనికి ఖరీదైన సామాను అక్కరలేదు. మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు మాదిరి, లెన్సు ముందు భాగానికి దారం కట్టి కింద చిన్న రాయి వేలాడదీయండి. నేల మీద సుద్దతో ఒక చుక్క పెట్టండి. రాయి ఎప్పుడూ ఆ చుక్క మీదే ఉండేలా మీరే చుక్క చుట్టూ అడుగులు వేస్తూ తీయండి. మీరు తిరుగుతారు, లెన్సు ఉన్నచోటే ఉంటుంది. మేము రెండోసారి చేసింది ఇదే.

ముందు ఎక్కడ సాధన చేయాలి?

హిందూపురం మార్కెట్‌లో తీస్తే కదిలే మనుషులతో వచ్చే చిక్కు తెలుస్తుంది. ఒక ఫోటోలో ఉన్న మనిషి పక్క ఫోటోకు నడిచిపోతే అతుకులో సగం మనిషే మిగులుతాడు. మనుషులు, బండ్లు అతుకులో కాక ఫోటో మధ్యలో పడేలా చూసుకోవాలి. ధర్మవరం చెరువు దగ్గర నీటి అలలు ఒక ఫోటోలో ఉన్నట్టు ఇంకో ఫోటోలో ఉండవు. అక్కడ గట్టు, చెట్లు రెండు ఫోటోల్లోనూ పడితేనే అతుకు నిలుస్తుంది. హిందూపురం పక్కనే ఉన్న లేపాక్షికి వెళ్తే, నిడుపాటి రాతి గోడలు పనోరమాలో విల్లులా వంగడం చూడవచ్చు. అది మన తప్పు కాదు, గుండ్రని చూపును చదును కాగితం మీద పరచడం వల్ల వచ్చేది. ఇలాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండు వాడాలంటే అనుమతి కావాలి.

అతకడం

ఈ ఆలోచన కంప్యూటర్‌తో పుట్టింది కాదు. 1787లో రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు బ్రిటన్‌లో గుండ్రటి గోడ చుట్టూ దృశ్యాన్ని గీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1858లో ఫెలిస్ బియాటో లక్నోలో ఫోటోలను పక్కపక్కన చేర్చి పనోరమాలు తయారుచేశాడు. ఇప్పుడు ఆ పనిని 'హగిన్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఫోటోలన్నీ అందులో వేసి, అలైన్ నొక్కితే ఉమ్మడి గుర్తులను అదే వెతుక్కుంటుంది. తర్వాత దిగంత రేఖను సరిచేసి, సిలిండ్రికల్ పద్ధతి ఎంచుకొని, అంచులు కత్తిరించి భద్రపరచాలి. ఫోన్‌లోని పనోరమా కూడా ఇదే పని చేస్తుంది. దాన్ని నిలువుగా పట్టుకొని, నిదానంగా, ఒకే ఎత్తులో తిప్పండి.

రెండోసారి

మళ్లీ తలా నూటయాభై వేసుకున్నాం. వాన వెలిసిన మరునాడు పొద్దున్నే కొండెక్కాం. ఆ రోజు గాలి తేటగా ఉంటుంది. సూర్యుణ్ణి వీపు వెనుక పెట్టుకొని, మేఘాలు జరగకముందే 11 ఫోటోలు నిమిషంలోపు తీశాం. మొదట్లో ఒకటి, చివర ఒకటి అరచేతిని ఫోటో తీశాం. ఏ వరుస ఎక్కడ మొదలైందో తర్వాత వెతుక్కోనక్కరలేదు.

ఒక్కో ఫోటో వెడల్పు 4000 చుక్కలు. మూడో వంతు కొసలు పోగా మొత్తం 30,000 పైచిలుకు వచ్చింది. అంగుళానికి 200 చుక్కల చొప్పున అచ్చు వేయిస్తే పన్నెండు అడుగులకు పైనే. హాలు గోడకు సరిపోయింది.

వార్షికోత్సవానికి ధర్మవరం అమ్మ వచ్చింది. పటం ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో తడుముతూ అతుకులు వెతికింది. నాలుగో అతుకు దగ్గర ఆగి, "ఈ మేక సగమే ఉందే!" అంది. మేము అప్పటిదాకా దాన్ని చూడనే లేదు. తమ్ముళ్లు కూడా వెళ్లి చూడండి, కదిలే వాటి గురించి చెప్పిన పాఠానికి ఉదాహరణ అదే.

మేము వాడిన దారం, రాయి, లెక్కల కాగితం హాస్టల్ లైబ్రరీ బీరువాలో ఉంచాం. వచ్చే ఏడాది పటం మీరు తీయాలి. అందులో మేక పూర్తిగా ఉండాలని కోరుకుంటున్నాం.