బండి చల్లారాకే చార్జింగు

పిల్లలూ! మండుటెండలో తాడేపల్లిగూడెం వెళ్లి తణుకు తిరిగొచ్చిన విద్యుత్ మోటారు సైకిలును గమనించారా? బ్యాటరీ పెట్టె వేడెక్కి ఉంటుంది. ఎండ ఒక్కటే కాదు, కారణం మరొకటుంది. లోపలి లిథియం అయాన్ ఘటాలకూ నిరోధం ఉంటుంది. విద్యుత్తు ప్రవహిస్తే వేడి పుడుతుంది. చార్జి చేసేటప్పుడూ అంతే. అంటే వేడి మీద వేడి!

ప్రతి ఘటంలో ధన, ఋణ ఎలక్ట్రోడుల నడుమ పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి మితిమీరి అది చెడితే రెండూ తాకి షార్టు సర్క్యూటవుతుంది. ఒక ఘటం మండితే పక్కదీ అంటుకుంటుంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, ఇంట్లో చార్జింగుకు పెట్టిన విద్యుత్ బండి బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు.

అందుకే మా ఇంట బండి రాగానే ప్లగ్గు పెట్టనివ్వను. గంటసేపు నీడన ఆరాలి. ఆ తర్వాతైనా గాలాడే వరండాలోనే, అందరూ మేలుకొని ఉన్నప్పుడే. మా అబ్బాయి విసుక్కుంటాడు. విసుక్కోనీ!