జీఈడీ: బడి ఆగినా హైస్కూల్ అర్హత

అమెరికాలో హైస్కూల్ చదువు మధ్యలో ఆపేసినవారు పరీక్ష రాసి దానికి సమానమైన అర్హత పొందే మార్గం జీఈడీ. పూర్తి పేరు జనరల్ ఎడ్యుకేషనల్ డెవలప్‌మెంట్. రెండో ప్రపంచ యుద్ధంలో చదువు వదిలి సైన్యంలో చేరినవారి కోసం 1942లో మొదలైంది. సాధారణ పౌరులకు తొలుత అవకాశమిచ్చిన రాష్ట్రం న్యూయార్క్ (1947).

పేపర్లు నాలుగు: గణితం, భాష, సైన్స్, సోషల్. ఒక్కోదానిలో స్కోరు 100 నుంచి 200 వరకు ఉంటుంది. ఉత్తీర్ణత మార్కును 2016లో 150 నుంచి 145కు తగ్గించారు; ఈ మార్పు గుర్తుంచుకోవాలి. గణితంలో మొదటి 5 ప్రశ్నలకు క్యాలిక్యులేటర్ వాడనివ్వరు. నాలుగూ విడివిడిగా గట్టెక్కాల్సిందే. అయితే తప్పిన పేపరొక్కటే మళ్లీ రాస్తే చాలు. పగలంతా పనిచేసి రాత్రి చదువుకునేవారికి అది ఎంతో ఊరట.

మన దేశంలో ఇలాంటి రెండో అవకాశం ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఐఓఎస్, ఏర్పడింది 1989లో.