పచ్చిక కోసే యంత్రం: అమర్చుట, నడుపుట, ఆపుట

మా కళాశాల ముందున్న పచ్చిక బయలును ఎరుగని విద్యార్థి లేడు. పరీక్షల దినాలలో దానిమీద కూర్చుండి చదువుకొనని వారు కూడ తక్కువే. కాని ఆ పచ్చికను అంత సమంగా ఉంచుతున్న యంత్రాన్ని దగ్గరగా పరిశీలించిన వారు మాత్రం బహు కొద్దిమంది. గత వర్షాకాలంలో ఒకనాటి ఉదయం ఆ యంత్రం క్రిందనుండి ఎగిరివచ్చిన కంకర రాయి ఒకటి నలభై అడుగుల దూరంలోని తరగతి గది కిటికీ అద్దాన్ని పగులగొట్టినది. ఆ సమయానికి కిటికీ ప్రక్క బల్లమీద ఎవరును లేరు. మరి పది నిమిషాలు గడచి ఉన్నచో అక్కడ ఇంటర్మీడియెట్ విద్యార్థులు కూర్చొని ఉండేవారు. ఆనాటినుండి భౌతికశాస్త్ర శాఖకు చెందిన మేమిద్దరము, ఆ యంత్రాన్ని నడిపే మా తోటమాలి సహాయంతో, దాని పనితీరును శ్రద్ధగా తెలిసికొన్నాము. ఆ తోటమాలిని విద్యార్థులందరు ‘చాచా’ అని పిలుచుట వాడుక కనుక మేమును అట్లే పిలుచుచున్నాము.

ఈ యంత్రానికి పుట్టినిల్లు ఇంగ్లండు. గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ ప్రాంతంలో ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్ అనే ఆయన 1830లో దీనికి పేటెంటు పొందినాడు. ఆ ప్రాంతం ఉన్ని బట్టల మిల్లులకు ప్రసిద్ధి. బట్టమీద లేచిన నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూచి, ఇదే పని గడ్డిమీద ఎందుకు చేయరాదని ఆయనకు తోచినది. ఆయన యంత్రంలో మెలితిరిగిన కత్తులు గల డోలు ఒకటి దొర్లుచుండును; దాని క్రింద కదలని కత్తి ఒకటి ఉండును. రెండింటి నడుమ చిక్కిన గడ్డి, కత్తెరలో చిక్కినట్లు తెగిపోవును. క్రికెట్ మైదానాలలో నేటికిని ఈ డోలు రకమే ఎక్కువ.

మా కళాశాలలోని యంత్రం ఆ జాతిది కాదు. బోర్లించిన బోకెవంటి ఇనుప కప్పు, దానిపై పెట్రోలు ఇంజను, కప్పు క్రింద ఫ్యాను రెక్కవలె అడ్డంగా తిరిగే ఒకే ఒక పొడవాటి కత్తి, నాలుగు చిన్న చక్రాలు, వెనుక త్రోసే హేండిలు. దీనిలో రెండవ కత్తి లేదు. మరి గడ్డి ఎట్లు తెగును? నిదానంగా తాకినచో గడ్డి పోచ వంగి తప్పించుకొనును. వంగుటకు వ్యవధి ఇవ్వనంత వేగంగా తాకినపుడు, జడత్వం వలన అది నిలిచిన చోటనే తెగిపోవును. కొడవలితో కోసేవారు గడ్డిని ఎడమ చేత పట్టుకొనుటలోని అంతరార్థం ఇదే. ఈ యంత్రానికి పట్టుకొనే చేయి లేదు కనుక వేగమే దానికి ఆధారం, ఆ వేగమే దాని ప్రమాదం కూడ.

ఆ వేగం ఎంత? విద్యార్థులు మాతో కలసి లెక్క వేయవచ్చును. కత్తి కొసనుండి కొసకు పొడవు 46 సెంటీమీటర్లు. నిమిషానికి 3000 చుట్లు, అనగా సెకనుకు 50 చుట్లు. కత్తి కొస ఒక చుట్టులో పోయే దూరం సుమారు 1.44 మీటర్లు. కావున సెకనుకు 72 మీటర్లు, గంటకు సుమారు 260 కిలోమీటర్లు. హైదరాబాదునుండి గంట కాలంలో దాదాపు విజయవాడ చేరగల వేగమన్న మాట. ఇక 50 గ్రాముల కంకర రాయి ఆ కత్తికి తగిలి, అందులో సగం వేగమే పొందినదనుకొందము. దాని గతిజ శక్తి సుమారు 32 జౌళ్ళు. ఒక కిలోగ్రాము గుండు పదకొండు అడుగుల పైనుండి పడినపుడు నేలను తాకే శక్తి అంతే. కిటికీ అద్దం పగులుటలో ఆశ్చర్యపడవలసినది ఏమియు లేదు.

ఇప్పుడు మేము ముఖ్యమని తలచిన విషయానికి వచ్చుచున్నాము. ఈ రకపు యంత్రాలు చాలావాటిలో ఇంజనుకు, కత్తికి నడుమ గేరు లేదు, క్లచ్చు లేదు. పిస్టను త్రిప్పే క్రాంకు షాఫ్టు నిలువుగా క్రిందికి దిగి ఉండును. దాని కొసకే కత్తి బోల్టుతో బిగించబడి ఉండును. ఇంజను తిరిగినచో కత్తి తిరుగునని అందరు ఎరుగుదురు. కత్తి తిరిగినచో ఇంజను తిరుగుననే సంగతి మాత్రం చాలామందికి తట్టదు. ఆగి ఉన్న యంత్రాన్ని ప్రక్కకు వాల్చి, కత్తికి చుట్టుకొన్న గడ్డిని చేతితో లాగుచు కత్తిని త్రిప్పుట అనగా, స్టార్టు చేసే తాడును లాగుటయే. దీనికి బ్యాటరీ అక్కరలేదు. ఫ్లైవీలులోని అయస్కాంతం తీగచుట్ట ప్రక్కగా సాగిపోయినపుడు, 1831లో ఫారడే కనుగొన్న సూత్రం ప్రకారమే విద్యుత్తు పుట్టి, స్పార్కు ప్లగ్గులో నిప్పురవ్వ వెలువడును. సిలిండరులో కొద్దిపాటి పెట్రోలు ఆవిరి మిగిలి ఉన్నచో ఇంజను ఒక్కసారి పేలి కదలుటకు అది చాలును. చేతివ్రేళ్ళు పోవుటకు ఆ ఒక్క కదలికయే చాలును.

హేండిలు మీది లీవరు వదిలినపుడు ఈ నిప్పురవ్వను అణచివేసే తీగ ఒకటి ఉన్నమాట నిజమే. అయితే ఆ తీగ లోపల తెగి ఉన్నదో లేదో కంటికి తెలియదు. కనుక కప్పు క్రింద చేయి పెట్టవలసిన ప్రతిసారి, ఎంత చిన్న పనికైనను, మొదట స్పార్కు ప్లగ్గు మీది రబ్బరు టోపీని లాగి, ఆ వైరును ప్లగ్గుకు తగులకుండ దూరంగా కట్టవలెను. ఈ పనికి పట్టేది మూడు సెకన్లు. మేము చాచాను అడిగినపుడు, ఇన్నేళ్ళలో తనకీ మాట చెప్పినవారే లేరని ఆయన అన్నాడు. యంత్రంతోపాటు వచ్చిన చిన్న పుస్తకం ఆంగ్లంలో ఉన్నది. అదియును బీరువాలో తాళం వేయబడి ఉన్నది. తప్పు ఎవరిదో పాఠకులే ఊహింపగలరు.

లీవరు సంగతి మరికొంత చెప్పవలసి ఉన్నది. అమెరికా దేశంలో 1982 జూన్ 30 తరువాత తయారైన ఇట్టి యంత్రాలలో, లీవరు వదిలిన 3 సెకన్లలో కత్తి ఆగి తీరవలెననే నిబంధన ఏర్పడినది. హేండిలు వద్దనున్న మనిషి కత్తిని చేరుకొనేలోపల కత్తి నిలిచిపోవలెననుటయే దాని ఉద్దేశం. గంటసేపు లీవరును అదిమి పట్టుకొన్న వ్రేళ్ళు నొప్పి పుట్టుట సహజమే. అందుచేత పలుచోట్ల పాత సైకిలు ట్యూబు ముక్కతో ఆ లీవరును హేండిలుకు కట్టివేయుట మేము చూచినాము. అట్లు కట్టిన యంత్రం, నడిపేవాడు జారిపడినను తన దారిన తాను తిరుగుచునే ఉండును. మా యంత్రానికి ఉన్న ట్యూబు ముక్కను విప్పి పారవేసినాము. పావుగంటకు ఒకసారి ఆగి వ్రేళ్ళకు విశ్రాంతి ఇచ్చుకొనవలెనని నిర్ణయించుకొన్నాము.

ఇక అమరిక. ప్లగ్గు వైరు తీసిన పిదప యంత్రాన్ని వాల్చి కత్తిని చూడవలెను. వాల్చునపుడు కార్బురేటరు, గాలి వడపోత ఉన్న ప్రక్క పైకి ఉండవలెను. లేనిచో ఆయిలు ఆ వడపోతలోనికి దిగి, తిరిగి స్టార్టు చేసినపుడు పొగలు కమ్మును. కత్తికి పగులు ఉన్నచో దానిని సానపట్టరాదు, మార్చవలెను. మొద్దుబారినదై ఉన్నచో సానపట్టవచ్చును, కాని రెండు కొసలును సమంగా అరగదీయవలెను. మేకుమీద నడిమి రంధ్రాన్ని తగిలించి చూచినచో ఏ కొస బరువో వెంటనే తెలియును. సమతూకం తప్పిన కత్తి యంత్రమంతటిని వణికించి, క్రమంగా బోల్టును వదులు చేయును. బోల్టును పానాతో గట్టిగా బిగించవలెను. తిరిగి బిగించునపుడు కత్తి వెనుక అంచున రెక్కవలె లేచిన వంపు ఇంజను వైపునకు ఉండవలెను. తలక్రిందులుగా బిగించిన కత్తి గడ్డిని కోయదు, కొట్టును. మేము మొదటిసారి అట్లే బిగించి, అరగంట సేపు ఇంజనును నిందించినాము.

నాలుగు చక్రాలును ఒకే ఎత్తున ఉండవలెను. గడ్డిని ఒక్క కోతలో మూడవ వంతుకంటె ఎక్కువ తీయరాదనుట తోటపనివారి నియమం. వానల తరువాత మోకాలెత్తు పెరిగిన గడ్డిని ఒక్కసారిగా నేలమట్టం చేయబోయినచో యంత్రం పట్టివేయును, గడ్డి వేళ్ళు ఎండకు మాడును. మొదట చక్రాలను పై మెట్టున ఉంచి కోసి, కొద్ది దినాల తరువాత దించుకొనవలెను.

క్రొత్త యంత్రాలు సాధారణంగా ఆయిలు పోయకుండనే వచ్చును. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఆయిలు వేరు, పెట్రోలు వేరు, రెండింటిని కలపరాదు. సమతలంలో నిలిపి, పుల్లమీది గుర్తుల నడుమ ఆయిలు ఉన్నదో లేదో ప్రతిసారి చూచుకొనవలెను. పెట్రోలు ఆరుబయటనే, ఇంజను చల్లారిన తరువాతనే పోయవలెను. సున్నాకు 40 డిగ్రీల క్రిందకూడ అంటుకొనగల ఆవిరి పెట్రోలుకు ఉన్నది. మన ఎండలలో సంగతి చెప్పనక్కరలేదు. ఆ ఆవిరి గాలికంటె బరువు కనుక పైకి పోక నేలబారున ప్రాకును, పది అడుగుల అవతల బీడీ కాల్చుచున్నవానిని కూడ వెదకికొని పోగలదు. ట్యాంకు అంచువరకు నింపరాదు. ఒలికినచో తుడిచి, ఆ చోటునుండి యంత్రాన్ని దూరంగా జరిపి, ఆవిరి పోయిన పిదప స్టార్టు చేయవలెను. షెడ్డు లోపల ఇంజను నడుపుట ఎన్నడును కూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు.

కోతకు ముందు పచ్చికనంతా ఒకసారి నడిచి చూడవలెను. రాళ్ళు, ఎముకలు, తీగ ముక్కలు, షామియానా మేకులు ఏరివేయవలెను. వార్షికోత్సవం జరిగిన మరునాడు మేము పచ్చికలో పదకొండు మేకులు ఏరినాము. తడి గడ్డిమీద కోత పనికిరాదు. కాలు జారుటయే కాక గడ్డి ముద్దయై కప్పును మూసివేయును. వాలుగా ఉన్న చోట అడ్డంగా నడవవలెనే గాని పైకి, క్రిందికి నడవరాదు. క్రిందికి దిగునపుడు జారినచో మనమే యంత్రంమీద పడుదుము; పైకి పోవునపుడు జారినచో అది మన కాళ్ళమీదికి వచ్చును. యంత్రాన్ని వెనుకకు లాగుచు కోయుట కూడ ఇందుకే ప్రమాదకరం.

స్టార్టు చేయుటకు కంకరగాని, పొడవాటి గడ్డిగాని లేని సమతలం కావలెను. చల్లని ఇంజనుకు చోకు వేసి, లీవరును హేండిలుకు అదిమి పట్టి, తాడును మొదట మెల్లగా, బిగువు తగిలేవరకు, ఆ తరువాత ఒక్క ఊపున లాగవలెను. తాడును చేతికి చుట్టుకొనరాదు. ఇంజను ఎదురు తన్నినచో మణికట్టు బెణుకును. కంకర దారిని దాటవలసివచ్చినపుడు లీవరు వదిలి, కత్తి ఆగిన తరువాతనే దాటవలెను. మా కిటికీ అద్దం పగిలినది సరిగా ఈ చోటనే. గడ్డి బయటికి వచ్చే మార్గం మూసుకొన్నచో ఇంజను ఆపి, వైరు తీసి, కర్రతో తీయవలెను. వైరు తీసిన తరువాత కూడ కర్రయే మేలు, కత్తి అంచు పదునుగానే ఉండును కదా.

విద్యుత్తుతో నడిచే యంత్రం కొనుట మేలు కాదా అని కొందరు అడుగుదురు. పొగ, పెట్రోలు బెడద లేదు, నిజమే. కాని 230 వోల్టుల తీగ కత్తి వెంటనే తిరుగుచుండును. భూమికి కరెంటు కారినపుడు తక్షణం సరఫరాను త్రెంచే సాధనం లేని ప్లగ్గు పాయింటుకు దానిని తగిలించరాదు. తీగను భుజంమీదుగా వెనుకకు వేసికొని, పాయింటు దగ్గరనుండి దూరంగా కోసుకొంటూ పోవలెను. దానికి స్పార్కు ప్లగ్గు లేదు కనుక, కత్తిని తాకేముందు తీగనే పాయింటునుండి ఊడదీయవలెను.

కళాశాల కమిటీ వారికి రెండు మనవులు. మొదటిది బూట్లు. చాచా రబ్బరు చెప్పులతో పని చేయుచున్నాడు. అడిగినచో “బూట్లు వేసుకుంటే ఎండకు కాళ్ళు ఉడికిపోతాయి సాబ్” అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉన్నది. కావున ముందు భాగం గట్టిగా ఉండి గాలి ఆడే బూట్లు, కంటి అద్దాలు, చెవులకు రక్షణ కమిటీ ఖర్చుమీద ఇప్పించవలెను. రెండవది వేళ. ఉదయం మంచు ఆరేసరికి తరగతులు మొదలగును. శుక్రవారం జుమా నమాజు వేళ పచ్చిక ఖాళీగానే ఉండును, కాని అప్పుడు చాచా కూడ మసీదులోనే ఉండును. ఆదివారం సాయంకాలం నాలుగు గంటలకు కోత పెట్టి, అందుకు బదులుగా ఆయనకు వారంలో మరొకనాడు సెలవు ఇచ్చుట సాధ్యమని మా అభిప్రాయం. నడుపుచున్నంత సేపు యాభై అడుగుల లోపల ఎవరును ఉండరాదు.

వేసవి సెలవులకు ముందు ట్యాంకులోని పెట్రోలు తీసివేసి, మిగిలినది అయిపోయేవరకు ఇంజనును ఆరుబయట నడిపి ఆపవలెను. ఇప్పటి మన పెట్రోలులో కలియుచున్న ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొని కార్బురేటరును పాడుచేయును. ఇంజను చల్లారిన పిదప వైరు తీసి, కప్పు క్రింది గడ్డిని గీకి, కత్తికి కాస్త ఆయిలు పూసి, యంత్రాన్ని షెడ్డులో పెట్టవలెను. ప్లగ్గు వైరు తీసివేసినట్లే ఉండనిచ్చి, సెలవుల తరువాత పని మొదలుపెట్టే నాడు చాచాయే దానిని తగిలించుకొనవలెను. వాడుక పుస్తకాన్ని బీరువానుండి తెప్పించి, అందులోని జాగ్రత్తలను తెలుగులోను, ఉర్దూలోను పెద్ద అక్షరాలతో వ్రాసి షెడ్డు తలుపుకు అంటించే పనిని ద్వితీయ సంవత్సరపు విద్యార్థులు నలుగురు ఇప్పటికే చేపట్టినారు.