ప్లాన్ ఒక్కటి చాలదా?

ప్రశ్న: వరంగల్‌లో 200 గజాల్లో ఇల్లు కడుతున్నాం. పర్మిషన్‌కు ప్లాన్ వచ్చేసింది. ఇల్లు పూర్తయ్యేదాకా ఆర్కిటెక్ట్‌కు ఫీజు ఎందుకివ్వాలి?

జవాబు: అమ్మా, పర్మిషన్ ప్లాన్ పట్టుకుని మేస్త్రి ఇల్లు కట్టలేడు. అందులో సెట్‌బ్యాకులు, గదుల కొలతలు ఉంటాయి గానీ బాత్‌రూమ్ స్లాబ్ ఎంత దించాలో, కిటికీ ఏ ఎత్తులో పెట్టాలో ఉండదు. అవి వర్కింగ్ డ్రాయింగుల్లో వస్తాయి. ఇంజినీరు వేసిన బీము, మీరు కోరిన తలుపు, ప్లంబర్ పైపు ఒకదానికొకటి అడ్డం రాకుండా సరిచూసేది అక్కడే. ఆర్కిటెక్ట్ ఆఫీసులో ఎక్కువ శ్రమ దీనికే. దయచేసి ఇక్కడ తొందరపెట్టకండి. ఆ డ్రాయింగులు చేతికొచ్చాకే కాంట్రాక్టర్లను రేట్లు అడగండి. అప్పుడే అందరూ ఒకే పనికి ధర చెబుతారు.

స్లాబ్ పోసే ముందు ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజినీరు ఇద్దరూ సైటుకు రావాలి. స్లాబ్ కమ్మీల కింద కనీసం 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు ఉన్నాయా, ఫ్యాను పెట్టెలు, కరెంటు పైపులు సరైన చోట పడ్డాయా అన్నది అప్పుడే చూడాలి. కాంక్రీటు పడ్డాక చూడటానికేమీ మిగలదు. కమ్మీలు తుప్పు పట్టి పెచ్చులూడే ఇళ్లలో చాలావాటికి కమ్మీల కింద ఉండాల్సిన ఈ కాంక్రీటు పొర (కవర్) లోపమే కారణం. అయితే ఆర్కిటెక్ట్ రాకపోకలు రోజువారీ పర్యవేక్షణ కాదు. దానికి సైట్ ఇంజినీరును విడిగా పెట్టుకోవాలి.

ఫీజును దశలవారీగా, ఎన్ని విజిట్లో రాసుకుని ఇవ్వండి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడకండి.