బండి ఆగిన చోటే చూడు

ఆదోని

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్లో నీ గొంతు వింటేనే తెలిసింది, బాగా విసిగిపోయినావని. మీ నాయన వదిలిపోయిన 1998 మోడల్ బుల్లెట్ ఎమ్మిగనూరులో ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. ఆదోని దారిలో 20 కిలోమీటర్లు దాటేసరికి ఉన్నట్టుండి ఆగిపోతుంది. పావుగంట చెట్టు కింద నిలబెడితే మళ్ళీ మామూలే. ఇప్పటికే ప్లగ్గు మార్చినావు, బ్యాటరీ మార్చినావు, కార్బొరేటర్ కిట్టు వేయించినావు. వేసిన ప్రతిసారీ నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదటికొచ్చింది. కార్తీకంలో దీని మీదే శ్రీశైలం పోతానంటున్నావు. అందుకే ఫోన్లో చెప్పకుండా కాగితం మీద పెడుతున్నా. మడిచి టూల్ బాక్సులో ఉంచుకో.

అప్పుడప్పుడూ వచ్చే జబ్బు షెడ్డులో దొరకదు. నువ్వు బండి తెచ్చేసరికి అది చల్లబడి, బుద్ధిగా నడుస్తూ ఉంటుంది. ఎంత మంచి మెకానిక్ అయినా అప్పుడు ఊహించి సామాను మార్చాల్సిందే. జబ్బు కనబడేది బండి ఆగిన ఆ ఐదు నిమిషాల్లోనే. నువ్వు ఆ ఐదు నిమిషాలూ కిక్కు కొట్టడానికే పోగొట్టుకుంటున్నావు. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సొసైటీకి మీ తాత జీవితమంతా బట్ట నేసినాడు. మగ్గం మీద పోగు తెగితే ఆయన పడుగంతా మార్చలేదు. మగ్గం ఆపి, తెగిన కొస వెతికి, అక్కడే ముడేసినాడు. నువ్వూ అట్లాగే చెయ్యి.

బండి ఆగగానే ముందు రోడ్డు కిందికి దించు. పత్తి లారీలు వచ్చే దారి అది. తరువాత, ఎట్లా ఆగిందో గుర్తు చేసుకో. ముక్కుతూ, దగ్గుతూ, రేజు ఇచ్చినా అందుకోక మెల్లగా ఆగితే అనుమానం పెట్రోలు మీద. లైటు స్విచ్చి తీసినట్టు ఒక్కసారిగా ఆగితే అనుమానం కరెంటు మీద.

మొదట ట్యాంకు మూత తెరువు. సుయ్యిమని గాలి లోపలికి పోయిన చప్పుడు వస్తే మూతలో గాలి రంధ్రం పూడిపోయినట్టు. పెట్రోలు దిగేకొద్దీ పైనుంచి గాలి చేరకపోతే ధార ఆగిపోతుంది. కాసేపు నిలబెడితే గాలి మెల్లగా చేరి, బండి మళ్ళీ కదులుతుంది. చాలా ఏళ్ళ కిందట ఒక రైతు బండికి ఈ చిన్న పని చూడకుండా కార్బొరేటరే మార్పించినాను. పత్తి అమ్మిన డబ్బుతో కట్టినాడాయన. వారానికి మళ్ళీ తోసుకుంటూ వచ్చినాడు. గుండుసూదితో రంధ్రం తీస్తే సరిపోయింది. ఆ డబ్బు తిరిగిచ్చినా ఆయన ముఖం నేను మరిచిపోలేదు. చూడకుండా మార్చవద్దని నీకింత గట్టిగా చెప్పేది అందుకే.

రెండోది, హెడ్‌లైటు మీదున్న అమ్మీటరు. లైట్లు ఆపి, తాళం తిప్పి, కిక్కును కాలితో మెల్లగా నొక్కుతూ ముల్లు చూడు. కాయిల్‌కు కరెంటు కలిపి తెంచే పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు వాలాలి, తెరుచుకున్నప్పుడు సున్నాకు రావాలి. అట్లా ఊగితే బ్యాటరీ నుంచి పాయింట్ల దాకా దారి బాగుంది. సున్నా దగ్గరే పడి ఉంటే ఫ్యూజు, తాళం స్విచ్చి, బ్యాటరీ టెర్మినళ్ళు, పాయింట్ల మీది మసి చూడు. మైనస్ వైపే నిలిచిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదంటే తీగో కండెన్సరో షార్టయింది.

మూడోది ప్లగ్గు. ఇంజను కాలుతుంది, గుడ్డ పట్టుకుని విప్పు. తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, మంట (స్పార్కు) లేదు. పొడిగా ఉంటే పెట్రోలే అందడం లేదు. అప్పుడు కార్బొరేటర్ దగ్గర పైపు విప్పి చిన్న సీసాలోకి పట్టు. ధార మధ్యలో సన్నబడితే ట్యాంకులో తుప్పు పెట్రోల్ కాక్‌కు అడ్డం పడుతున్నట్టు. మంట చూసేటప్పుడు కాక్ మూసి, ఒలికిన పెట్రోలు ఆరనిచ్చి, ప్లగ్గును దాని తీగకు తగిలించి, సిలిండర్ రంధ్రానికి దూరంగా ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టు. మన ఎండలో మంట కనబడదు, తువ్వాలు అడ్డం పెట్టుకో.

నువ్వు చెప్పిన లక్షణాన్ని బట్టి నా అనుమానం కాయిల్ మీద. వేడికి లోపలి సన్న తీగ ఎడమై కరెంటు తెగుతుంది, చల్లబడగానే అతుక్కుంటుంది. ముల్లు ఊగుతున్నా ప్లగ్గులో మంట లేకపోతే నా అనుమానానికి బలం వచ్చినట్టే. తాళం ఆపి, బాగా పిండిన తడిగుడ్డ కాయిల్‌కు చుట్టి చూడు. పావుగంట పట్టేది మూడు నిమిషాల్లోనే స్టార్టయితే దొంగ దొరికినట్టే. కిక్కు కొట్టేటప్పుడు పాయింట్ల మధ్య పెద్ద నిప్పురవ్వలు లేస్తూ, పాయింట్లు మాడి ఉంటే అది కండెన్సర్. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి.

షెడ్డులోనే తెలిసేది ఒకటుంది. నిలబెట్టిన బండిలో ఇంజను నడుస్తుండగా హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పు, తాళం కదిపి చూడు. అప్పుడు ఆగితే తొడుగు లోపల తీగ తెగినట్టు, లేదంటే తాళం స్విచ్చి పాడైనట్టు.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. అందుకే పెట్రోలు పైపు కొత్తది వెయ్యి, బండిని నెలల తరబడి ట్యాంకులో పెట్రోలుతో నిలబెట్టొద్దు. జిన్నింగు మిల్లుల దారిలో తిరుగుతావు కనుక ఎయిర్ ఫిల్టర్లో దూది నుసి, రేగడి దుమ్ము తరచూ దులుపు.

ఆగిన ప్రతిసారీ ఎన్ని కిలోమీటర్లకు ఆగింది, ముల్లు ఎట్లా ఉంది, ప్లగ్గు తడా పొడా, ఎంతసేపటికి కదిలింది, రాసిపెట్టు. మార్చితే ఒక్కసారికి ఒక్కటే మార్చు. రెండు కలిపి మారిస్తే ఏది బాగుచేసిందో నీకు ఎప్పటికీ తెలియదు. ఆత్మకూరు దాటి నల్లమలలో చీకటి పడే వేళ ఇది ఆగితే అక్కడ నీకు మెకానిక్కు నువ్వే. ఆ దారిలో ఊహలు పనికిరావు.

నా షెడ్డులో నీ బండికి సరిపోయే మంచి కాయిల్ ఒకటి ఉంది. రేపే ఇవ్వగలను. కానీ నువ్వు మూడుసార్లు చూసి, రాసుకుని, కాయిలే అని నాకు చెప్పిన రోజున ఇస్తా. అది బిగించుకుని శ్రీశైలం పోయిరా.

ఇట్లు
నీ మామ